గ్నూక్యాష్‌లో ఇంటి లెక్కలు, దుకాణం పద్దులు పక్కాగా రాసుకోవడం ఎలా: సమగ్ర మార్గదర్శి

ఉచిత అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లలో ఏది మంచిదని అడిగేవారి కంటే, దించుకున్న తర్వాత ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక నాలుగు రోజుల్లో వదిలేశామని రాసేవారే ఎక్కువగా ఉంటున్నారు. అందువల్ల పది సాఫ్ట్‌వేర్‌లను పోల్చే పని పెట్టుకోకుండా, గ్నూక్యాష్ ఒక్కదాన్నే తీసుకొని, దానిలో ఒక ఇంటి లెక్కనూ ఒక చిన్న దుకాణం లెక్కనూ మొదటి పద్దు నుంచి మార్చి 31 దాకా ఎలా నడపాలో వరుసగా చెబుతాను. ఇది విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ ఇంటర్నెట్ లేకుండా పనిచేస్తుంది. మీ లెక్కలు మీ కంప్యూటర్‌లోనే ఉంటాయి.

ఉదాహరణకు ఒక చిన్న పట్టణంలో జిరాక్స్, స్టేషనరీ దుకాణాన్ని ఊహించుకుందాం. అంకెలన్నీ నేర్చుకోవడానికి వేసుకున్నవే. మీ వ్యాపారం వేరైనా, పనులు చేసే వరుస మాత్రం మార్చకండి. మధ్యలో వదిలేసిన లెక్కలను పరిశీలిస్తే, చాలా వాటిలో చిక్కు పద్దులు రాయడంలో ఉండదు, సిద్ధం కాకుండానే రాయడం మొదలుపెట్టడంలో ఉంటుంది.

## 1. ఇది మీకు సరిపోతుందో లేదో ముందు తేల్చుకోండి

ఇంటి లెక్కలకు, సొంత యాజమాన్యంలోని దుకాణాలకు, ట్యూషన్ సెంటర్లకు, ఫ్రీలాన్స్ పనివారికి, అపార్ట్‌మెంట్ సంఘాలకు ఇది బాగా సరిపోతుంది. కింది నాలుగు సందర్భాలలో మాత్రం సరిపోదు.

- మీది ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే వాడకండి. కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పునూ నమోదు చేసే, ఆపివేయడానికి వీల్లేని ఆడిట్ ట్రయల్ ఉండాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. గ్నూక్యాష్‌లో అలాంటి ఏర్పాటు లేదు.
- ఏ సరుకు ఎన్ని ముక్కలు మిగిలిందో రోజూ తెలియాలనుకుంటే ఇది పనికిరాదు. ఇందులో స్టాకు నిర్వహణ లేదు.
- జీఎస్టీ రిటర్నులనూ, ఈ-ఇన్వాయిస్‌నూ ఇది నేరుగా తయారుచేయదు. దానికి కావలసిన మొత్తాలను లెక్కగట్టి ఇస్తుంది, అంతే.
- ఇద్దరు ముగ్గురు ఒకేసారి వేర్వేరు కంప్యూటర్లలో కూర్చొని పద్దులు రాయడానికి వీలు లేదు.

వీటిలో ఏ ఒక్కటి తప్పనిసరి అయినా ఇక్కడే ఆగి వేరే దారి చూసుకోవడం మేలు. ఆరు నెలల తర్వాత లెక్కలు మార్చుకోవడం చాలా శ్రమ.

## 2. ఇన్‌స్టాల్ చేయకముందు కాగితం మీద చేయవలసిన పని

మొదట ప్రారంభ తేదీని నిర్ణయించుకోండి. ఏప్రిల్ 1 అన్నిటికంటే మంచిది. అది దాటిపోతే రాబోయే నెల ఒకటో తేదీని తీసుకోండి. నెల మధ్యలో మొదలుపెడితే బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూసుకునేటప్పుడు అనవసరమైన గందరగోళం వస్తుంది.

రెండవది, ఇంటికీ దుకాణానికీ రెండు వేర్వేరు ఫైళ్లు పెట్టుకోవాలని నిశ్చయించుకోండి. ఒకే ఫైలులో రెండూ నడపవచ్చని కొందరు చెబుతారు. సాధ్యమే గాని, దుకాణం లాభం ఎంతో, ఇంట్లోకి వాడుకున్నది ఎంతో విడదీసి చెప్పలేని స్థితికి ఆ దారి తీసుకువెళుతుంది. బ్యాంకు ఖాతా కూడా రెండింటికీ ఒకటే ఉన్నట్లయితే, ముందుగా దుకాణానికి వేరే ఖాతా తెరిచి, గల్లాపెట్టె దగ్గరి క్యూఆర్ కోడ్‌ను ఆ ఖాతాకు మార్పించండి. ఈ ఒక్క మార్పు సగం లెక్కల చిక్కును తీరుస్తుంది.

ప్రారంభ తేదీ నాటికి చేతిలో ఉండవలసినవి ఇవి:

- ప్రతి బ్యాంకు ఖాతాలో ముందు రోజు ముగింపు నిల్వ, స్టేట్‌మెంట్‌తో సహా
- గల్లాపెట్టెలో, ఇంటి బీరువాలో లెక్కపెట్టిన నగదు
- అప్పుల జాబితా: బ్యాంకు రుణంలో మిగిలిన అసలు, క్రెడిట్ కార్డు బాకీ, చేబదుళ్లు
- మనకు రావలసిన అరువులు, పేర్లవారీగా
- సరుకు ఇచ్చినవారికి మనం చెల్లించవలసినవి, బిల్లు నంబర్లతో
- కొన్న ధరల ప్రకారం సరుకు నిల్వ విలువ
- యంత్రాలు, ఫర్నిచర్ విలువ. గత ఏడాది ఆడిటర్ ఇచ్చిన పట్టిక ఉంటే అందులోని అంకెనే తీసుకోండి
- నడుస్తున్న చీటీలు: ఎన్ని వాయిదాలు కట్టారు, పాట పాడారా లేదా

నగదును మాత్రం గుర్తున్నంత వరకు రాయకండి. ప్రారంభ తేదీ రాత్రి నోట్లు, చిల్లర విప్పి లెక్కపెట్టండి.

## 3. ఇన్‌స్టాలేషన్, తొలి సెట్టింగులు

గ్నూక్యాష్ డాట్ ఆర్గ్ అనే అధికారిక వెబ్‌సైట్ నుంచే దించుకోండి. లినక్స్ వాడేవారు తమ డిస్ట్రిబ్యూషన్ సాఫ్ట్‌వేర్ కేంద్రం నుంచి తీసుకోవచ్చు.

తెరిచి, ఫైల్ మెనూలో న్యూ ఫైల్ నొక్కితే కొత్త ఖాతాల ఏర్పాటు విజర్డ్ మొదలవుతుంది. అందులో కరెన్సీ అడిగిన చోట భారత రూపాయిని ఎంచుకున్నారో లేదో రెండుసార్లు చూసుకోండి. డాలరు ఉండిపోయి, ఖాతాలన్నీ ఆ కరెన్సీలోనే ఏర్పడిపోతే, పద్దులు రాశాక మార్చడం కంటే కొత్త ఫైలు మొదలుపెట్టడమే సులభం.

తర్వాత ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్లి మూడు పనులు చేయండి.

1. అకౌంటింగ్ పీరియడ్‌ను ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకు పెట్టండి. లేకపోతే నివేదికలు జనవరి నుంచి లెక్కవేస్తాయి.
2. తేదీ రూపాన్ని రోజు, నెల, సంవత్సరం క్రమంలోకి మార్చండి.
3. కామర్స్ చదివినవారైతే ఫార్మల్ అకౌంటింగ్ లేబుల్స్ ఎంచుకోండి, నిలువు వరుసలకు డెబిట్, క్రెడిట్ అన్న పేర్లు వస్తాయి. చదవనివారు దాన్ని ముట్టుకోకండి. బ్యాంకు ఖాతాలో డిపాజిట్, విత్‌డ్రాయల్ అన్న పేర్లే మీకు సులభంగా ఉంటాయి.

డాక్యుమెంట్స్‌లో లెక్కలు అనే ఫోల్డర్ చేసి, ఇల్లు, దుకాణం అనే రెండు ఉపఫోల్డర్లలో ఫైళ్లను భద్రపరచండి. గ్నూక్యాష్ తెరవగానే గతంలో చివరగా వాడిన ఫైలు తెరుచుకుంటుంది. దుకాణం పద్దులు ఇంటి ఫైలులో పడకుండా, రాయడానికి కూర్చున్నప్పుడల్లా కిటికీ పైభాగంలో ఉండే ఫైలు పేరును చూసుకోవడం అలవాటు చేసుకోండి.

## 4. ఖాతాల చెట్టు

జంటపద్దు విధానంలో ప్రతి వ్యవహారం కనీసం రెండు ఖాతాలను తాకుతుంది. గ్నూక్యాష్‌లో ఖాతాలన్నీ ఆస్తులు, అప్పులు, మూలధనం, ఆదాయం, ఖర్చులు అనే ఐదు కొమ్మల కింద ఉంటాయి. విజర్డ్ ఇచ్చే సిద్ధమైన జాబితాలను అన్నీ టిక్ చేయవద్దు. అవి వేరే దేశాల అలవాట్లకు తగినట్లు ఉంటాయి. సాధారణ ఖాతాల జాబితా ఒక్కటి తీసుకొని, అక్కరలేనివి తొలగించి, మిగిలిన వాటికి తెలుగులో పేర్లు పెట్టుకోవచ్చు.

దుకాణానికి ఇంత చాలు:

- ఆస్తులు: గల్లా నగదు, బ్యాంకు కరెంటు ఖాతా, యూపీఐ రావలసినది, అరువులు, సరుకు నిల్వ, జిరాక్స్ యంత్రం
- అప్పులు: యంత్రం రుణం, సరుకుదారుల బాకీ
- మూలధనం: పెట్టుబడి, సొంతవాడకాలు
- ఆదాయం: జిరాక్స్, స్టేషనరీ అమ్మకాలు, ఇతరములు
- ఖర్చులు: సరుకు కొనుగోళ్లు, కాగితం, టోనర్, అద్దె, కరెంటు, జీతం, రుణం వడ్డీ, మరమ్మతులు, బ్యాంకు ఛార్జీలు, నగదు తేడా

ఇంటికి ఖర్చుల కొమ్మను కొంచెం విస్తరించండి: బియ్యం, సరుకులు, పాలు, కూరగాయలు, పిల్లల ఫీజులు, మందులు, పెట్రోలు, పెళ్లిళ్లు, కానుకలు. పెళ్లిళ్లు, కానుకల ఖర్చును చాలామంది విడిగా రాయరు. శ్రావణం, మాఘం వచ్చినప్పుడు డబ్బు ఎటు పోయిందో తెలియకపోవడానికి కారణం అదే.

ఖర్చు ఖాతాలు ఇరవై ఐదు దాటితే పద్దు రాసే ప్రతిసారీ ఎందులో వేయాలన్న సందేహం వస్తుంది, ఆ సందేహమే రాయడాన్ని మాన్పిస్తుంది. నెలకు ఒక్క పద్దు కూడా పడని ఖాతాను పక్క ఖాతాలో కలిపేయండి.

పై స్థాయి ఖాతాలకు ఎడిట్ అకౌంట్‌లో ప్లేస్‌హోల్డర్ గుర్తు పెట్టండి. అప్పుడు పొరపాటున నేరుగా ఖర్చులు అనే ఖాతాలోకి పద్దు రాయడం కుదరదు, దాని కింది ఖాతాల్లోనే రాయాలి. ఖాతా పేరులో రెండు చుక్కల గుర్తు వాడకండి, దానిని గ్నూక్యాష్ ఖాతాల మధ్య విభజన కోసం ఉంచుకుంది.

## 5. ప్రారంభ నిల్వలు

ప్రతి ఆస్తి, అప్పు ఖాతాలో ప్రారంభ తేదీతో ఒక పద్దు రాసి, ఎదుటి ఖాతాగా మూలధనం కింద ఉన్న ఓపెనింగ్ బ్యాలెన్సెస్‌ను చూపండి. మన దుకాణం లెక్క ఇలా వస్తుంది.

ఆస్తులు: గల్లా 4,300, బ్యాంకు 38,650, అరువులు 12,200, సరుకు 1,40,000, యంత్రం 95,000. మొత్తం 2,90,150 రూపాయలు.

అప్పులు: రుణం 88,000, సరుకుదారులకు 21,500. మొత్తం 1,09,500 రూపాయలు.

తేడా 1,80,650 రూపాయలు. ఇదే ఆ రోజు దుకాణంలో మీ పెట్టుబడి. ఓపెనింగ్ బ్యాలెన్సెస్ ఖాతాలో ఇదే అంకె కనిపించాలి. కనిపించకపోతే ముందుకు వెళ్లకండి. ఏదో ఒక అప్పును ఆస్తి వైపు వేసి ఉంటారు.

అరువుల ఖాతాను సృష్టించేటప్పుడు దాని రకాన్ని మామూలు అసెట్ అని పెట్టండి. అకౌంట్స్ రిసీవబుల్ అనే రకం ఇన్వాయిస్‌లు తయారుచేసేవారి కోసం ఉంది, అందులో చేతితో పద్దులు రాస్తే అవి ఏ ఖాతాదారుకూ చెందకుండా విడిగా ఉండిపోతాయి.

## 6. రోజువారీ పద్దులు

### 6.1 రోజు చివరి అమ్మకం పద్దు

ప్రతి జిరాక్స్ కాపీకి ఒక పద్దు రాయనక్కరలేదు. దుకాణం మూసే ముందు రోజుకొక పద్దు చాలు, కాని అది స్ప్లిట్ పద్దు, అంటే ఒకే వ్యవహారాన్ని అనేక ఖాతాల్లోకి విడదీసే పద్దు కావాలి. ఆ రోజు మొత్తం అమ్మకం 6,480 రూపాయలు అనుకుందాం. గల్లా నగదు ఖాతాను తెరిచి, పద్దు వివరంలో రోజు అమ్మకం అని రాసి, పైనున్న స్ప్లిట్ బొత్తం నొక్కండి. కింద వరుసలు తెరుచుకుంటాయి:

- గల్లా నగదు: 2,150 వచ్చింది
- యూపీఐ రావలసినది: 3,830 వచ్చింది
- అరువులు: 500 పెరిగింది
- జిరాక్స్ ఆదాయం: 2,680
- స్టేషనరీ అమ్మకాలు: 3,800

మొదటి మూడు వరుసల మొత్తం, చివరి రెండు వరుసల మొత్తం సమానం కావాలి. కాకపోతే మిగిలిన తేడాను గ్నూక్యాష్ ఇంబ్యాలెన్స్ అనే ఖాతాలో వేస్తుంది. ఖాతాల చెట్టులో ఆ పేరు కనిపించిన రోజే దాన్ని తెరిచి, పద్దును సరిచేయాలి. దానిలో నిల్వ సున్నా అయ్యేదాకా ఏ నివేదికనూ నమ్మవద్దు.

యూపీఐకి వేరే ఖాతా ఎందుకంటే, వ్యాపారి క్యూఆర్ కోడ్‌లకు వచ్చే డబ్బు చాలాచోట్ల రోజంతటిదీ కలిపి ఒకే మొత్తంగా బ్యాంకులో పడుతుంది, ఒక్కోసారి మర్నాడు పడుతుంది. సౌండ్‌బాక్స్ అద్దె ఉంటే దానిని మినహాయించుకొని వేసే సందర్భాలూ ఉంటాయి. అమ్మకాన్ని నేరుగా బ్యాంకులో రాస్తే ఏ రోజు అంకే స్టేట్‌మెంట్‌తో కలవదు. మధ్య ఖాతా ఉంటే, బ్యాంకులో పడినప్పుడు అక్కడి నుంచి బ్యాంకుకు మళ్లిస్తూ ఒక పద్దు రాస్తారు, మినహాయించిన అద్దెను బ్యాంకు ఛార్జీల్లో చూపుతారు. నెలాఖరుకు ఆ ఖాతాలో చివరి రోజు అమ్మకానికి మించి మిగిలితే, రావలసిన సొమ్ము ఎక్కడో ఆగిందని వెంటనే తెలుస్తుంది.

### 6.2 రాయడంలో వేగం

తేదీ గడిలో ప్లస్, మైనస్ మీటలు నొక్కితే రోజు ముందుకూ వెనక్కూ జరుగుతుంది. మొత్తం గడిలో 120*3+45 అని కొడితే లెక్క అదే చేసుకుంటుంది. వివరం మొదటి అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే గతంలో అదే పేరుతో రాసిన పద్దు మొత్తం వచ్చి నిలుస్తుంది, అంకె మార్చుకొని ఎంటర్ నొక్కితే చాలు. అందువల్ల ఒకే ఖర్చును ఎప్పుడూ ఒకే పేరుతో రాయండి. ఒక రోజు కరెంటు బిల్లు అనీ, మరో నెల విద్యుత్ బిల్లు అనీ రాస్తే ఈ సౌకర్యం పోతుంది.

### 6.3 ఇంటికి తీసుకున్న డబ్బు

గల్లా నుంచి ఇంటికి 15,000 తీసుకుంటే అది దుకాణానికి ఖర్చు కాదు. దుకాణం ఫైలులో గల్లా నుంచి సొంతవాడకాలకు, ఇంటి ఫైలులో దుకాణం నుంచి వచ్చింది అనే ఆదాయం నుంచి ఇంటి నగదుకు, అదే రోజున రెండు పద్దులు రాయండి. దుకాణంలోని పెన్నులు, నోటుపుస్తకాలు పిల్లలకు ఇచ్చినా కొన్న ధరకు ఇదే ఖాతాలో రాయాలి.

### 6.4 రుణం వాయిదా

వాయిదా మొత్తాన్ని ఖర్చుగా రాయడం అన్నిటికంటే ఎక్కువగా కనిపించే పొరపాటు. మన యంత్రం రుణం 88,000 మీద నెలకు 1 శాతం వడ్డీ అయితే, 7,400 రూపాయల మొదటి వాయిదాలో వడ్డీ 880, అసలు 6,520. బ్యాంకు నుంచి 7,400 పోయింది, రుణం వడ్డీ అనే ఖర్చులో 880, యంత్రం రుణం అనే అప్పులో 6,520 అని స్ప్లిట్ రాయాలి. రుణం ఖాతాలో మిగిలినది 81,480 అని చూపుతుంది, బ్యాంకు ఇచ్చే వాయిదాల పట్టికలోనూ అదే ఉండాలి.

ఇలాంటి నెలవారీ పద్దులను, అద్దెను, ఫీజులను యాక్షన్స్ మెనూలోని షెడ్యూల్డ్ ట్రాన్సాక్షన్స్‌లో పెట్టుకుంటే, ఫైలు తెరిచినప్పుడు ఆ రోజుకు పడవలసినవి అదే గుర్తు చేస్తుంది. వడ్డీ నెలనెలా మారుతుంది కాబట్టి అంకెలు సరిచూసిన తర్వాతే ఒప్పుకోండి.

### 6.5 చీటీ

చీటీని ఎలా రాయాలో ఏ సాఫ్ట్‌వేర్ పుస్తకంలోనూ ఉండదు, మన ఇళ్లలో మాత్రం చీటీ లేనిదే లెక్క లేదు. లక్ష రూపాయల చీటీ, ఇరవై నెలలు, నెలకు 5,000 అనుకుందాం. ఆస్తుల కింద లక్ష చీటీ అనే ఖాతా తెరవండి.

ఒక నెల డివిడెండ్ 1,250 పోను మీరు కట్టింది 3,750 అయితే: బ్యాంకు నుంచి 3,750, చీటీ డివిడెండ్ అనే ఆదాయంలో 1,250, చీటీ ఖాతాలో 5,000 జమ. కట్టిన 3,750 మాత్రమే రాస్తే, చివరికి చీటీ విలువతో ఖాతా కలవదు.

ఎనిమిదో నెల వాయిదా కట్టాక పాట పాడి 78,000 అందుకున్నారనుకోండి. బ్యాంకులో 78,000, పాట నష్టం అనే ఖర్చులో 22,000, చీటీ ఖాతా నుంచి 1,00,000 తగ్గింపు. అప్పటికి ఆ ఖాతాలో 40,000 ఉంది కనుక ఇప్పుడు మైనస్ 60,000 చూపుతుంది. మిగిలిన పన్నెండు వాయిదాలూ సరిగ్గా 60,000. అంటే ఆస్తిగా ఉన్నది అప్పుగా మారింది, లెక్క తనంతట తానే ఆ సంగతి చెప్పింది. ఈ విధానంలో పాట నష్టం నుంచి అన్ని నెలల డివిడెండ్లనూ తీసివేస్తే, ఆ చీటీ మీకు నిజంగా ఎంతకు పడిందో ఆదాయ వ్యయ నివేదికల్లో కనిపిస్తుంది.

## 7. బ్యాంకు స్టేట్‌మెంట్‌ను దిగుమతి చేసుకోవడం

నెలకు ముప్పై వ్యవహారాల లోపు ఉంటే చేతితో రాయడమే మంచిది, తప్పులు తక్కువగా వస్తాయి. అంతకు మించితే స్టేట్‌మెంట్‌ను సీఎస్‌వీ (కామాలతో విడదీసిన మామూలు పట్టిక) రూపంలో దించుకొని, ఫైల్ మెనూలోని ఇంపోర్ట్ ద్వారా తీసుకోవచ్చు. ముందుగా స్ప్రెడ్‌షీట్‌లో తెరిచి ఈ పనులు చేయండి:

- పైనున్న చిరునామా, ఖాతా నంబరు వరుసలూ, చివరనున్న మొత్తాల వరుసలూ తీసివేయండి
- 1,25,000.00 వంటి అంకెల్లోని కామాలు తీసివేయండి
- తేదీలన్నీ ఒకే రూపంలో ఉన్నాయో లేదో చూడండి
- యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌తో సీఎస్‌వీగా భద్రపరచండి

దిగుమతి తెరలో ఏ నిలువు వరుస ఏమిటో చూపాలి. కొత్త వెర్షన్లలో జమ వరుసకు అమౌంట్ అనీ, తీసిన సొమ్ము వరుసకు అమౌంట్ నెగేటెడ్ అనీ ఎంచుకోండి. ఈ అమరికకు ఒక పేరు పెట్టి భద్రపరిస్తే మళ్లీ నెల పని నిమిషాల్లో అవుతుంది.

తర్వాత వచ్చే తెరలో ప్రతి పద్దుకూ ఎదుటి ఖాతాను చూపాలి. చూపకుండా వదిలేస్తే అది ఇంబ్యాలెన్స్‌లోకి పోతుంది. రెండు మూడు నెలల తర్వాత మీ ఎంపికలను బట్టి అదే ఖాతాలను సూచించడం మొదలుపెడుతుంది. మీరు ముందే చేతితో రాసిన పద్దు స్టేట్‌మెంట్‌లోనూ ఉంటే దాన్ని కొత్తగా చేర్చకుండా పాతదానితో జతపరచండి. అలా చేయకపోతే ఒకే అద్దె రెండుసార్లు ఖర్చుగా పడుతుంది.

## 8. బ్యాంకుతో సరిచూసుకోవడం

ఈ పని చేయనివారి లెక్కలు ఎంత అందంగా ఉన్నా వాటి మీద ఆధారపడలేం. కామర్స్ పుస్తకాల్లో బ్యాంకు నిల్వల సమన్వయ పట్టిక అని చదివినదే ఇది. నెలకు ఒకసారి తప్పకుండా కూర్చోండి.

1. బ్యాంకు ఖాతాను తెరిచి యాక్షన్స్ మెనూలో రికన్సైల్ నొక్కండి.
2. స్టేట్‌మెంట్ చివరి తేదీని, ముగింపు నిల్వను ఇవ్వండి.
3. ప్రారంభ నిల్వ స్టేట్‌మెంట్‌తో కలిసిందో లేదో చూడండి. మొదటిసారి చేసేటప్పుడు ఓపెనింగ్ బ్యాలెన్స్ పద్దును కూడా టిక్ చేయాలి.
4. స్టేట్‌మెంట్‌లో ఉన్న ఒక్కో పద్దునూ టిక్ చేస్తూ పొండి.
5. కింద తేడా సున్నా అయినప్పుడే ఫినిష్ నొక్కండి.

తేడా మిగిలితే ఈ వరుసలో వెతకండి. తేడా అంకె అచ్చంగా ఏదైనా పద్దు మొత్తమే అయితే, ఆ పద్దు రాయలేదు లేదా రెండుసార్లు రాశారు. తేడాలో సగం ఏదైనా పద్దుతో కలిస్తే దాన్ని ఎదుటివైపు వేశారు: 350 రూపాయల ఖర్చును జమ వైపు రాస్తే తేడా 700 వస్తుంది. తేడా తొమ్మిదితో భాగింపబడితే అంకెలు తారుమారై ఉండవచ్చు: 1,820ని 1,280గా రాస్తే తేడా 540. పది ఇరవై రూపాయల చిన్న తేడాలు చాలావరకు ఎస్ఎంఎస్ ఛార్జీలో, కార్డు రుసుములో అయి ఉంటాయి.

తేడాను పోగొట్టడానికి గ్నూక్యాష్ సర్దుబాటు పద్దు వేస్తానంటుంది. దాన్ని ఒప్పుకోకండి. ఆ ఒక్క పద్దు వెనుక రెండు మూడు తప్పులు ఒకదాన్నొకటి కప్పుకొని ఉండవచ్చు.

గల్లా నగదును వారానికి ఒకసారి లెక్కపెట్టి ఖాతాతో పోల్చండి. చిన్న తేడాను నగదు తేడా ఖాతాలో వేయవచ్చు. అది ప్రతి వారం ఒకే వైపు వస్తుంటే మాత్రం ఏదో ఒక ఖర్చు రాయకుండా పోతోందని అర్థం.

## 9. ఇన్వాయిస్‌లు, జీఎస్టీ

చిల్లర అమ్మకాలవారు ఈ భాగం వదిలేయవచ్చు. పాఠశాలలకు, ఆఫీసులకు బిల్లు వేసి తర్వాత డబ్బు తీసుకునేవారికి బిజినెస్ మెనూ ఉపయోగపడుతుంది. అందులో కస్టమర్‌ను చేర్చి, ఇన్వాయిస్ రాసి, పోస్ట్ నొక్కినప్పుడే అది ఖాతాల్లోకి చేరుతుంది. డబ్బు వచ్చినప్పుడు ప్రాసెస్ పేమెంట్ ద్వారానే జమ చేయండి. బ్యాంకు ఖాతాలో నేరుగా అమ్మకంగా రాస్తే అమ్మకం రెండుసార్లు లెక్కకు వస్తుంది, కస్టమర్ బాకీ తీరదు. ఇప్పటికే అలా జరిగి ఉంటే, ఆ బ్యాంకు పద్దు మీద రైట్ క్లిక్ చేసి అసైన్ యాజ్ పేమెంట్ ఎంచుకొని సరిచేయవచ్చు.

జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవారు ట్యాక్స్ టేబుల్స్‌లో, అంటే పన్ను శాతాల పట్టికల్లో, అమ్మకానికి ఒకటి, కొనుగోలుకు ఒకటి విడివిడిగా పెట్టుకోవాలి. 18 శాతం పన్ను ఉన్న సరుకుకు, రాష్ట్రం లోపలి అమ్మకమైతే, ఒకే టేబుల్‌లో సీజీఎస్టీ (కేంద్రం వాటా) 9, ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) 9 అని రెండు వరుసలు రాసి, వాటిని అప్పుల కింద రెండు ఖాతాలకు కలపండి. కొనుగోలు టేబుల్‌ను ఆస్తుల కింద ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును అమ్మకం పన్నులోంచి తగ్గించుకునే వెసులుబాటు) ఖాతాలకు కలపండి. వేరే రాష్ట్రం వ్యవహారాలకు ఐజీఎస్టీ 18 అని మరో టేబుల్ కావాలి.

చిన్న వ్యాపారులు తమ అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే కంపోజిషన్ పథకంలో ఉన్నవారు కొనేవారి నుంచి పన్ను వసూలు చేయకూడదు, ఇన్‌పుట్ క్రెడిట్ కూడా రాదు. వారికి, రిజిస్ట్రేషన్ లేనివారికి, కొనుగోలు మీద కట్టిన పన్ను సరుకు ధరలో భాగమే. ట్యాక్స్ టేబుల్స్ అక్కరలేదు.

రిజిస్ట్రేషన్ ఉన్నవారు లెక్కలను ఆ సంవత్సరపు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల పాటు భద్రపరచాలి. బిల్లుల ఫొటోలను కూడా అదే ఫోల్డర్‌లో ఉంచండి.

## 10. ఏ నివేదికను ఎప్పుడు చూడాలి

నెలకు రెండు చాలు. ఇన్‌కమ్ స్టేట్‌మెంట్‌లో ఆ నెల తేదీలు ఇచ్చి ఆదాయ ఖర్చులు చూడండి. బ్యాలెన్స్ షీట్‌లో, అంటే ఆస్తి అప్పుల పట్టీలో, అప్పులు నిజమైన బాకీలతో కలుస్తున్నాయో లేదో చూడండి. ఇన్వాయిస్‌లు వేసేవారు రిసీవబుల్ ఏజింగ్ నివేదికలో ఎవరి బాకీ ఎన్ని రోజులు దాటిందో చూసుకొని ఫోన్ చేయవచ్చు.

అంకెలు వింతగా కనిపిస్తే ముందు నివేదిక ఆప్షన్స్‌లో తేదీలు చూడండి. చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది.

## 11. బ్యాకప్, భద్రత

భద్రపరిచిన ప్రతిసారీ గ్నూక్యాష్ పాత ఫైలును తేదీ, సమయంతో కూడిన పేరుతో పక్కనే ఉంచుతుంది. ఫోల్డర్ నిండిపోయిందని వాటిని చెరిపేయకండి. మామూలు సెట్టింగులో ముప్పై రోజులు దాటినవి వాటంతట అవే పోతాయి. అయితే హార్డ్ డిస్క్ పాడైతే ఇవీ పోతాయి కనుక, వారానికి ఒకసారి మొత్తం ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, దాన్ని దుకాణంలో కాక ఇంట్లో పెట్టండి.

ఫైలుకు పాస్‌వర్డ్ పెట్టే సౌకర్యం ఇందులో లేదు. కంప్యూటర్ లాగిన్‌కు పాస్‌వర్డ్ తప్పనిసరిగా ఉండాలి. క్లౌడ్‌లో పెట్టేవారు పాస్‌వర్డ్ ఉన్న జిప్‌గా మార్చి పెట్టడం మేలు.

తెరిచేటప్పుడు ఫైలుకు లాక్ దొరకలేదన్న హెచ్చరిక వస్తే, వేరే కిటికీలో అది ఇప్పటికే తెరిచి ఉందేమో చూడండి. లేకపోతే గతంలో కరెంటు పోయి సరిగా మూయకపోవడం వల్ల మిగిలిన లాక్ అది. అప్పుడు ఓపెన్ ఎనీవే నొక్కవచ్చు.

## 12. మార్చి 31న

సరుకును చేతితో లెక్కపెట్టి, కొన్న ధర, మార్కెట్ ధరలలో తక్కువైన దానితో విలువ కట్టండి. ప్రారంభంలో 1,40,000 ఉన్న సరుకు ఇప్పుడు 1,62,000 అయితే, 22,000 రూపాయలను సరుకు కొనుగోళ్లు ఖర్చు నుంచి తగ్గించి సరుకు నిల్వకు చేర్చండి. ఈ పద్దు రాయకపోతే లాభం అంతమేర తక్కువగా కనిపిస్తుంది.

ఆడిటర్ దగ్గరకు వెళ్లేముందు:

- ఇంబ్యాలెన్స్, ఆర్ఫన్ (ఏ ఖాతాకూ చెందని పద్దులు పడేది) పేర్లతో ఉన్న ఖాతాల్లో నిల్వ సున్నా
- అన్ని బ్యాంకు ఖాతాలూ మార్చి 31 స్టేట్‌మెంట్‌తో సరిచూడడం పూర్తి
- రుణం ఖాతాలో మిగిలిన అసలు, బ్యాంకు ఇచ్చిన వడ్డీ ధ్రువపత్రంలోని అసలు ఒకే అంకె
- ఒకే వ్యక్తికి ఒకే రోజు 10,000 రూపాయలకు మించి నగదుగా చెల్లించిన ఖర్చుల జాబితా, ఎందుకంటే ఆదాయపు పన్ను లెక్కలో అలాంటివి సాధారణంగా ఖర్చుగా చెల్లవు
- అంకణా (ట్రయల్ బ్యాలెన్స్), ఇన్‌కమ్ స్టేట్‌మెంట్, బ్యాలెన్స్ షీట్‌ల పీడీఎఫ్‌లు

టూల్స్ మెనూలో క్లోజ్ బుక్ అనేది కనిపిస్తుంది. అది ఆదాయ ఖర్చు ఖాతాలను సున్నా చేసి మూలధనంలో కలుపుతుంది. వాడకుండా ఉండమనే నా సలహా. నివేదికలు తేదీలను బట్టి నడుస్తాయి కనుక ఖాతాలను మూయకపోయినా కొత్త సంవత్సరం లెక్క విడిగానే వస్తుంది, పాత సంవత్సరాలతో పోల్చుకోవడమూ సులభం.

ఆడిటర్ తరుగుదల, ఇతర సర్దుబాట్లు ఇచ్చేసరికి జూలై రావచ్చు. అవి ఎప్పుడు అందినా మార్చి 31 తేదీతోనే రాయండి, వివరంలో ఆడిటర్ సర్దుబాటు అని చేర్చండి. రాసిన తర్వాత బ్యాలెన్స్ షీట్‌ను మళ్లీ తీసి, ఆయన సంతకం చేసిన ప్రతిలోని మూలధనం అంకెతో పోల్చండి. రెండూ పైసాతో సహా కలిస్తే ఆ ఫైలు కాపీ ఒకటి సంవత్సరం పేరుతో విడిగా భద్రపరిచి, అదే ఫైలులో ఏప్రిల్ పద్దులను కొనసాగించండి.